ముల్లు పదే పదే దిగిన చోటు: ఒక పాత క్రిస్మస్ రికార్డుతో ఆరు వారాలు

నవంబరు 8, శనివారం

పక్కింటి పెద్దావిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. అటక మీది పెట్టెలు దించడానికి సాయం వెళ్లాను. మూడో పెట్టెలో పాత దుప్పటి మడతల మధ్య ఒక గ్రామఫోన్ రికార్డు దొరికింది. పది అంగుళాలది, కవరు లేదు, అంచున గోరంత పెచ్చు ఊడింది. చీకట్లో దాని మీద పేరు కనిపించలేదు. కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తే డెక్కా కంపెనీ రికార్డు, నెంబరు 18429, వైట్ క్రిస్మస్ అనే పాట, పాడినది అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ. కింద చిన్న అక్షరాల్లో కెన్ డార్బీ గాయకబృందం, జాన్ స్కాట్ ట్రాటర్ వాద్యబృందం.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. యుద్ధకాలంలో వాళ్ల నాన్న సైన్యంలో ఉన్నప్పుడు వాళ్ల అమ్మ కొన్నదట. ఇంట్లో పనిచేసే గ్రామఫోన్ లేక యాభై ఏళ్లు దాటిందట. డిసెంబరు 20న ఆవిడ ప్రయాణం. ఆలోగా దీన్ని శుభ్రం చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, వినగలిగేలా చేసి ఇస్తానని మాట ఇచ్చాను. ఇంతకుముందు ఎల్పీలు, అంటే తరవాతి కాలపు ప్లాస్టిక్ రికార్డులు, చాలా ఎక్కించాను కానీ నిమిషానికి 78 చుట్లు తిరిగే ఇలాంటి పాత రికార్డు ముట్టుకోవడం ఇదే మొదటిసారి. అందుకే ఈ డైరీ.

ఈ పాట విషయంలో నాకు ఎప్పటినుంచో ఒక పట్టుదల ఉంది. క్రాస్బీ దీన్ని 1942లో ఒకసారి, 1947లో మరోసారి రికార్డు చేశారు. ఇప్పుడు ఒహాయోలో ఏ దుకాణానికి వెళ్లినా వినిపించేది దాదాపు ఎప్పుడూ రెండోదే. మొదటిదాన్ని దాని అసలు రికార్డు మీద వినాలన్నది నా కోరిక. ఇది మొదటిదేనా?

నవంబరు 9, ఆదివారం

కడగడం. ఎల్పీలకు వాడే ద్రావణాల్లో ఆల్కహాల్ ఉంటుంది. అది ఈ రికార్డుల మీద పడకూడదు, ఎందుకంటే ఇవి ప్లాస్టిక్‌వి కావు, లక్కతో చేసినవి. ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచాను. మధ్యనున్న కాగితం తడవకుండా దాని మీద చిన్న గిన్నె బోర్లించాను. మూడో విడతకు గానీ నీళ్లు తేటగా రాలేదు.

సాయంత్రం అమ్మతో ఫోనులో చెప్తే, "లక్క అంటే మన లాడ్ బజారు గాజుల లక్కేనా నాన్నా?" అని అడిగింది. అదేనమ్మా అన్నాను. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే అదే జిగురు. ప్రపంచంలో దానికి ప్రధానమైన వనరు భారతదేశమే. చార్మినారు పక్కన కొలిమి మీద మెత్తబడి గాజుగా మారే పదార్థమే అమెరికాలో రాతిపొడి, నల్లరంగు కలుపుకొని పాటగా మారింది. 1942 ఏప్రిల్‌లో, యుద్ధంవల్ల భారత్ నుంచి సరుకు రావడం కష్టమై, సైన్యానికీ లక్క కావలసి వచ్చి, అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. పాత రికార్డులు తెచ్చిస్తే పొడిచేసి కొత్తవాటిలో కలిపేవారు. క్రాస్బీ ఈ పాట పాడింది ఆ మే 29న. అంటే నా బల్ల మీద ఆరుతున్న ఈ రికార్డులో ఇంకెవరివో పాత పాటల పొడి కూడా ఉండవచ్చు. తుడిచేటప్పుడు చేయి తనంతట తనే నెమ్మదించింది.

నవంబరు 15, శనివారం

ఆగలేక నా మామూలు ఎల్పీ ముల్లుతోనే వేసి చూశాను. తప్పు చేశాను. పాట కంటే గరగర ఎక్కువగా వచ్చింది. ఎల్పీ గాడి సన్నం, ఈ గాడి వెడల్పు. సన్నటి ముల్లు గోడలను తాకకుండా అడుక్కు జారి, అక్కడ పేరుకున్న దుమ్మును గోకుతుంది. పది సెకన్లలో ఎత్తేసి, 78 రికార్డులకు వాడే ముల్లుకు ఆర్డర్ పెట్టాను. దాని మొన దాదాపు మూడు రెట్లు లావు.

నవంబరు 22, శనివారం

ముల్లు వచ్చింది. ముందు వేగం సరిచూడాలి. 78 అంటాం కానీ, సెకనుకు 60 ఆవర్తనాల కరెంటు ఉన్న అమెరికాలో అసలు లెక్క నిమిషానికి 78.26 చుట్లు. 92 గీతలున్న కాగితపు చక్రాన్ని రికార్డు మీద పెట్టి, మెయిన్స్ కరెంటుతో మినుకుమనే దీపం కింద తిప్పితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. గదిలోని ఎల్ఈడీ దీపం కింద గీతలన్నీ కలిసిపోయి బూడిదరంగు పట్టీ అయిపోయాయి. టర్న్‌టేబుల్‌ను గ్యారేజీలోకి మోసుకెళ్లి పాత ట్యూబులైటు కింద పెట్టాను. గీతలు మెల్లగా ముందుకు పాకుతున్నాయి. మర వెంట్రుకవాసి తిప్పాను, నిలబడిపోయాయి.

ముల్లు దించాను. అంత గరగరలోంచీ ఆ గొంతు దగ్గరగా, బరువుగా, తొందరపడకుండా వచ్చింది. మైకు ముందు అరవనక్కర్లేదు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పాడవచ్చని ముందుగా గ్రహించిన గాయకుల్లో క్రాస్బీ ఒకరు. గ్యారేజీ చలిలో నిలబడే మొత్తం మూడు నిమిషాలూ విన్నాను.

నవంబరు 23, ఆదివారం

ఇది మొదటిదేనా అన్న ప్రశ్నకు ఇవాళ జవాబు దొరికింది. రెండో వైపున్నది లెట్స్ స్టార్ట్ ద న్యూ ఇయర్ రైట్, అదీ వైట్ క్రిస్మస్‌లాగే హాలిడే ఇన్ అనే సినిమాలోని పాటే. ఆ సినిమా పాటలను డెక్కా 1942 జులై చివర్లో ఆరు రికార్డుల ఆల్బంగా విడుదల చేసింది. అప్పట్లో ఆల్బం అంటే నిజంగానే ఫోటోల ఆల్బంలా అట్టల మధ్య కాగితపు జేబులున్న పుస్తకం. నెంబరు 1942 వైపే చూపిస్తున్నా నాకు నమ్మకం కుదరలేదు, చెవితోనూ తేల్చుకోవాలనుకున్నాను. 1947 రికార్డింగులో ఆరంభ సంగీతానికి వెలుగు తేవడానికి ఫ్లూట్లు, సెలెస్టా చేర్చారు. సెలెస్టా అంటే చిన్న పియానోలా ఉండి మెత్తటి గంటల శబ్దం చేసే వాద్యం. దుకాణాల్లో వినిపించే పాటలో తొలి క్షణాల్లో మంచు రాలినట్టుండే ఆ మెరుపు దానిదే.

హెడ్‌ఫోను పెట్టుకుని ఈ రికార్డు ఆరంభాన్ని ఇరవైసార్లయినా విని ఉంటాను. ఆ మెరుపు లేదు. ఆరంభం కొంచెం మసకగా, ఇంటి లోపలి వెలుగులా ఉంది. 1942దే! అర్ధరాత్రి అయినా అమ్మకు ఫోను చేసి చెప్పాను. ఇండియాలో అప్పటికి పొద్దెక్కింది కాబట్టి తిట్లు తప్పాయి.

అసలు రెండోసారి ఎందుకు పాడాల్సి వచ్చింది? రికార్డు తయారీలో తొలుత మెత్తటి పళ్లెం మీద గాడి కోస్తారు. దానికి లోహపు పూత పోసి అచ్చు తీస్తారు, ఆ అచ్చు నుంచి మరో అచ్చు, దాన్నుంచి వేడి లక్కను నొక్కే ముద్రలు. ముద్రలు అరిగితే కొత్తవి తీయవచ్చు. కానీ మూలమైన లోహపు అచ్చులు కూడా ఎన్నిసార్లని తట్టుకుంటాయి? ఏటా క్రిస్మస్ వచ్చేసరికి జనం మళ్లీ అడుగుతూనే ఉన్నారు, డెక్కా మళ్లీ ముద్రిస్తూనే ఉంది. అయిదేళ్లకు మూలం అరిగిపోయింది. 1947 మార్చిలో అదే ట్రాటర్ వాద్యబృందాన్ని, అదే డార్బీ గాయకులను పిలిచి, మొదటిదానిలాగే ఉండేట్టు మళ్లీ పాడించారు. మొదటిసారి పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయిన పని అంటారు. దాన్ని ఆ తరవాత తమను తామే అనుకరిస్తూ చేయాల్సి వచ్చిందన్నమాట.

అదే ఏడాది అక్టోబరులో క్రాస్బీ తన రేడియో కార్యక్రమాన్ని మాగ్నెటిక్ టేపు మీద రికార్డు చేసి ప్రసారం చేయడం మొదలుపెట్టారు. ఆంపెక్స్ అనే చిన్న సంస్థకు టేపు యంత్రాల కోసం సొంత డబ్బు 50,000 డాలర్లు ఇచ్చారు. వారం వారం ప్రత్యక్షంగా పాడే శ్రమ తప్పించుకోవడమే ఆయన ముఖ్యోద్దేశం. అయినా నాకు ఆ రెండు సంగతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. వసంతంలో అరిగిపోయిన లోహం కోసం మళ్లీ పాడిన మనిషి, శరత్తు వచ్చేసరికి టేపు మీదికి మారారు.

నవంబరు 29, శనివారం

ఇవాళ అసలు రికార్డింగు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్. ఈ రికార్డుల్లో ముల్లు పక్కలకే కదలాలి. పైకీ కిందికీ కదిలితే అది పాట కాదు, రొదే. స్టీరియో కార్ట్రిడ్జితో, అంటే ముల్లు కదలికను రెండు చానళ్ల కరెంటుగా మార్చే భాగంతో, తీసుకుని రెండు చానళ్లను ఒకటిగా కలిపితే ఆ పైకీ కిందికీ కదలిక చాలావరకు రద్దయిపోతుంది. కలిపాను, సగం గరగర తగ్గింది. బృందగానం గట్టిగా వచ్చే చోట మాత్రం కుడి గోడ బాగా దెబ్బతింది, అక్కడ ఎడమ చానలు ఒక్కటే తీసుకున్నాను. ఆ కాలపు గ్రామఫోనులో ముల్లు రికార్డు మీద మోపే బరువు వంద గ్రాములు దాటేది. నేను వేసిన బరువు నాలుగు గ్రాములు.

ఇంకో చిక్కు. ఇప్పటి ఫోనో యాంప్లిఫయర్లన్నీ 1950ల్లో స్థిరపడిన, అమెరికా రికార్డు కంపెనీల సంఘం (ఆర్‌ఐఏఏ) ప్రమాణానికి తయారైనవి. అంతకుముందు మంద్రాన్ని ఎంత తగ్గించి, తారాన్ని ఎంత పెంచి కోయాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా నిర్ణయించుకునేది. ఆ సర్దుబాటు లేకుండా తీసుకుని, కంప్యూటర్‌లో చేత్తో సరిదిద్దాను. క్రాస్బీ గొంతు ఛాతీలోంచి వస్తున్నట్టు వినిపించేదాకా మంద్రం పెంచాను, తీగవాద్యాలు గీరుకోకుండా తారం తగ్గించాను. లెక్క కన్నా చెవినే నమ్మాను.

నవంబరు 30, ఆదివారం

మంచు పడింది. పని ఆపి, పాట వెనక మనుషుల గురించి రాసుకుంటున్నాను.

రాసిన అర్వింగ్ బెర్లిన్ రష్యా సామ్రాజ్యంలో 1888లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి ప్రార్థనా మందిరంలో గాయకుడు. అయిదేళ్ల వయసులో న్యూయార్క్ వచ్చారు. సంగీతలిపి రాయడం, చదవడం ఆయనకు రాదు. పియానో మీద ఎక్కువగా నల్ల మెట్ల మీదనే వాయించేవారు. శ్రుతి మార్చుకోవాలంటే ఒక మీట తిప్పితే చాలు, మొత్తం మెట్లు పక్కకు జరిగే ప్రత్యేక పియానో పెట్టుకున్నారు. ఆయన మనసులోని బాణీని కాగితం మీద పెట్టేది హెల్మీ క్రేసా. 1940 జనవరిలో ఒక సోమవారం ఉదయం బెర్లిన్ ఆఫీసుకు వచ్చి, తాను రాసినవాటిలోనే కాదు, ఎవరు రాసినవాటిలోనైనా ఇదే గొప్ప పాట అని క్రేసాతో అన్నారని ప్రసిద్ధి. ఈ రికార్డు మీద క్రేసా పేరు లేదు. నా డైరీలోనైనా ఉండాలని రాస్తున్నాను.

క్రిస్మస్ ఆయన మతానికి చెందిన పండుగ కాదు. పైగా 1928 డిసెంబరు 25న ఆయన పసికొడుకు నెల తిరగకుండానే చనిపోయాడు. ఏటా ఆ రోజున భార్యాభర్తలు ఆ సమాధి దగ్గరికి వెళ్లేవారు. పాట ఆ దుఃఖం నుంచే పుట్టిందని ఖాయంగా చెప్పను. కానీ ఈ పాటలో పండుగ సందడి ఎక్కడా లేదు. ఉన్నది దూరంగా ఉన్నవాడి తలపు మాత్రమే. మొదట దీనికి ఒక సాకీ కూడా ఉండేది. అందులో పాడే మనిషి కాలిఫోర్నియాలో, బెవర్లీ హిల్స్‌లో, ఎండలో తాటిజాతి చెట్ల మధ్య డిసెంబరు 24న నిలబడి ఉత్తరాది చలిని తలచుకుంటాడు. రికార్డులో ఆ సాకీ లేదు. అది తీసేసినందువల్లే పాట అందరిదీ అయిందని నాకు అనిపిస్తుంది. ఇసుకలో కందకం తవ్వుకున్న సైనికుడికీ అది తన సొంతమాటే అయింది. ఇల్లు ఎనిమిదివేల మైళ్ల దూరంలో ఉన్న నాకూ అంతే.

క్రాస్బీ దీన్ని జనానికి తొలిసారి వినిపించింది 1941 డిసెంబరు 25న, ఎన్‌బీసీలో వచ్చే తన రేడియో కార్యక్రమంలో. పెరల్ హార్బర్ దాడి జరిగి అప్పటికి పద్దెనిమిది రోజులు. మరుసటి ఏడాది సినిమా వచ్చినప్పుడు అందరి దృష్టీ ఇంకో పాట మీద ఉండేది. వేసవి దాటి చలి మొదలయ్యాక, సైనికుల రేడియోకు ఈ పాట కావాలని ఉత్తరాలు వెల్లువెత్తాయి. అక్టోబరు చివరికి అగ్రస్థానం చేరి, బిల్‌బోర్డ్ పత్రిక పాటల పట్టికలో పదకొండు వారాలు అక్కడే ఉంది. ఆగస్టు 1 నుంచి సంగీతకారుల సంఘం రికార్డింగులకు సమ్మె కట్టింది, లక్కకు కరువు. కొత్త పాటలు రాని ఆ రోజుల్లో ఈ పాత లక్క పళ్లేలే ఇల్లిల్లూ తిరిగాయి. సైనికుల ముందు పాడాలంటే క్రాస్బీకి మనసొప్పేది కాదట, వాళ్ల కళ్లు చెమరుస్తాయని. వాళ్లే మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునేవారు.

సినిమాలో ఈ పాట క్రాస్బీ పియానో దగ్గర కూర్చుని, క్రిస్మస్ చెట్టుకు వేలాడే చిన్న గంటలను పైపుతో తడుతూ పాడతారు. తరవాత గొంతు కలిపే నాయిక మార్జరీ రేనాల్డ్స్. వినిపించే గొంతు ఆమెది కాదు, మార్తా మియర్స్‌ది. తెరమీద పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది కావడం మనకు కొత్త కాదు. కానీ మనం ఆ గొంతులను పేరు పెట్టి పిలుచుకుంటాం, వాళ్ల పాటలంటూ విడిగా దాచుకుంటాం. ఆ గౌరవం మార్తా మియర్స్‌కు అందలేదు. 1943లో ఈ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ రాత్రి కవరు విప్పి విజేత పేరు చదివింది బెర్లినే, ఆ పేరు ఆయనదే.

ఇక డార్బీ బృందం. ఈ రికార్డులో నన్ను పట్టి నిలిపింది వాళ్లే. రెండో విడతలో పల్లవిని బృందం అందుకుంటుంది, క్రాస్బీ మాటలు మాని ఈల వేస్తారు. ఆరుబయట నడుస్తూ వేసే ఈల అది, ప్రదర్శన లేదు. డార్బీ తరవాత సినిమా సంగీతానికి మూడు ఆస్కార్లు అందుకున్నారు.

డిసెంబరు 6, శనివారం

చిటపటలు తీసే పని. యంత్రానికి మొత్తం అప్పగిస్తే తీగవాద్యాల అంచులు కూడా చిటపటలే అనుకుని కోసేస్తుంది. పాట దూదిలో చుట్టినట్టు అయిపోతుంది. అందుకని తెర మీద అలలను పెద్దది చేసి, ఒక్కొక్క ముల్లులాంటి గీతనూ పట్టుకుని చేత్తో సరిచేస్తున్నాను. మూడు గంటల్లో నలభై సెకన్ల పాట శుభ్రమైంది.

ఒక చోట ఆగిపోయాను. బృందగానం మొదలయ్యే ముందు, ఒక సెకను కూడా లేని జాగాలో, పదిహేను ఇరవై గీతలు గుత్తిగా ఉన్నాయి. టార్చి ఏటవాలుగా పట్టి భూతద్దంతో రికార్డును చూశాను. అక్కడ గాడుల మీద అడ్డంగా, చిన్న చిన్న గాట్లు, అన్నీ ఒకే వరసలో. పొరపాటున పడ్డవి అన్నిసార్లు ఒకే చోట పడవు. ఎవరో ముల్లెత్తి, మళ్లీ మళ్లీ అక్కడే దించారు. ఈల వచ్చే ముందు.

డిసెంబరు 13, శనివారం

చిటపటలన్నీ అయ్యాయి. ఆ గుత్తిని కూడా తీసేశాను, నిజానికి దానికే ఎక్కువ సమయం పట్టింది. శుభ్రం చేయని మూల ప్రతిని వేరే దాచాను. ఈ పనిలో మూలాన్ని చెరపకూడదు.

డిసెంబరు 14, ఆదివారం

ల్యాప్‌టాప్, చిన్న స్పీకరు తీసుకుని పక్కింటికి వెళ్లాను. సామాను సర్దేశారు, మిగిలినవి రెండు కుర్చీలు. శుభ్రం చేసిన ప్రతి వేశాను. ఆవిడ కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ విన్నారు. బృందగానం దగ్గర పడుతుండగా కుడిచేతి వేలు లేపి గాలిలో ఆపారు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. ఈల వచ్చింది. వేలు అలాగే ఉండిపోయింది. కళ్లు తెరిచి, ఇక్కడ ఒక చప్పుడు ఉండాలే, టిక్‌టిక్‌మని, అన్నారు.

వాళ్ల నాన్నకు ఈల బాగా వచ్చట. యుద్ధంలో ఉన్న ఆ రెండేళ్లూ అమ్మ రాత్రిళ్లు ఆ ఒక్క చోటే పెట్టుకుని వినేదట. ఆయన తిరిగొచ్చాక కూడా ప్రతి క్రిస్మస్‌కూ ఆ చప్పుడు రాగానే ఇంట్లో అందరూ ఆయన వైపు తిరిగేవారట. ఆయన రికార్డుతో పాటు ఈల అందుకునేవారట.

మూల ప్రతి తెరిచాను. గరగరతో, గాట్లతో, అంచు పెచ్చు ప్రతి చుట్టుకూ చేసే టప్ టప్ శబ్దంతో మొదలైంది. ఈసారి వేలు లేచింది, చప్పుడు వచ్చింది, వేలు దిగింది. ఆవిడ సన్నగా ఈల వేశారు.

డిసెంబరు 18, గురువారం

పెన్‌డ్రైవులో రెండు ప్రతులు పెట్టాను. ఒకటి మూలం. రెండోది కొత్తగా చేసింది: మిగతా అంతా శుభ్రం, బృందగానం ముందున్న ఆ సెకను మాత్రం తాకలేదు. రికార్డుకు మందపాటి కాగితపు కవరు కుట్టి, దాన్ని నిలువుగా పెట్టమని, పడుకోబెట్టి పైన బరువు పెట్టవద్దని చీటీ రాశాను.

రెండో వైపు ఇంకా ఎక్కించలేదు. దాన్ని వాళ్లింట్లో ఎవరూ ఎక్కువగా వేసినట్టు లేదు, గాడులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. రేపు రాత్రి ఆ మూడు నిమిషాలూ తీసుకుని, ఎల్లుండి పొద్దున బండి కదిలేలోపు ఇచ్చేస్తాను.